వాసన లేని చీటీ

ఆ ఇంటి వెనక రేకుల షెడ్డులో నిమ్మగడ్డి నూనె తీసే రాగి బట్టీ ఉంది. పెద్ద గంగాళంలో గడ్డి కుక్కి కింద మంట పెడితే, ఆవిరి గొట్టంలోంచి వెళ్ళి చల్లనీళ్ళ తొట్టిలో చల్లారి, సీసాలో చుక్కచుక్కగా పడుతుంది. నీళ్ళు కిందా, నూనె పైనా. పొద్దున కాఫీలయ్యాక మొదటి నూనె దిగగానే రెండు కాగితం చీటీలు వంటింట్లోకి రావాలి. ఒకటి నూనెలో ముంచింది, ఇంకొకటి ఉత్తది. ఇంటావిడ ముందు ఉత్త చీటీ వాసన చూసి, తర్వాత నూనె చీటీ చూసి, ఒక మాట అనాలి. ఆమె ఆ మాట అనేదాకా క్యానుకి మూత బిగించరు. ముప్పై ఏళ్ళుగా ఇదే పద్ధతి.

మంట చూసే ముసలాయన్ని అందరూ పొయ్యితాత అంటారు. ఈ పద్ధతి మూలంగా ఇంటావిడకి ముక్కమ్మ అని పేరు పెట్టింది ఆయనే. ఆ పొద్దున కూడా ఆయనే రెండు చీటీలూ పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

“ముక్కమ్మగారూ, చూసి చెప్పండి. ఇవాళ గడ్డి కాస్త పచ్చిది.”

ఆమె చెయ్యి తుడుచుకుని ఉత్త చీటీ ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏ వాసనా లేదు. ఉండకూడదు కూడా. రెండోది పెట్టుకుంది. దానికీ ఏ వాసనా లేదు. గట్టిగా పీల్చింది. కాగితం చల్లగా ముక్కుకి తగిలింది తప్ప ఇంకేమీ తెలియలేదు.

“బాగుంది తాతా,” అంది.

“అంతేనా? రోజూ ఏదో ఒక వంక పెడతారుగా. మీరు వంక పెట్టకపోతే నాకే భయంగా ఉంటుందమ్మా.”

“వంక పెట్టడానికి నువ్వేమన్నా పెళ్ళికొడుకువా? పోయి మంట చూసుకో.”

ముసలాయన నవ్వుకుంటూ వెళ్ళాడు. ఆమె మాత్రం ఆ చీటీని మడిచి, విప్పి, మళ్ళీ వాసన చూసింది. పదిహేను రోజులుగా ఇదే వరస. మొదట వాసన పలచబడింది. తర్వాత తిండికి రుచి పోయింది. ఇప్పుడు ముక్కు ఉందో లేదో తడిమి చూసుకోవాల్సి వస్తోంది. ఎవరితోనూ అనలేదు. అంటే, ఎందుకని అడుగుతారు.

“రా, వేళయింది,” అంటూ భర్త వచ్చాడు. ఒక చేతిలో తేనె పోసిన చెంచా, ఇంకో చేతిలో గాజు చుక్కల గొట్టం. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాడు. “ఒకటి... రెండు... కదలకు... మూడు.”

“నేనెక్కడ కదిలానండీ? వణికేది మీ చెయ్యే.”

“సరేలే. మింగు. నాలిక మీద ఉంచుకోకు.”

మింగింది. నోట్లో పుండ్ల మీదినుంచి అది నిప్పుకణికలా దిగింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన ఆ నీళ్ళు చూడలేదు. దేవుడి గూటి పక్కన గోడకి తగిలించిన పటం వైపు చూస్తున్నాడు. అందులో దేవుడు లేడు. గాజు పళ్ళెంలో నల్లగా ముడుచుకుపోయిన చుక్కల ఫోటో ఒకటుంది. కూతురు పంపిన ఫోటో.

ఆ ఫోటోకి ఒక కథ ఉంది. వాళ్ళకి ఒక్కతే కూతురు. చదువయ్యాక బట్టీ పని చూసుకుంటుందని తండ్రి ఆశపడ్డాడు. ఆ పిల్ల వేరే ఊళ్ళో ఒక పరిశోధనశాలలో చేరింది. “తరాలుగా వస్తున్న నూనె వదిలేసి గాజు గొట్టాలు కడగడానికి పోయింది,” అని ఆయన ఏడాదిపాటు ఫోన్లో సరిగ్గా మాట్లాడలేదు. కిందటేడు ఆ పిల్ల ఇక్కడి నూనె సీసా ఒకటి తీసుకెళ్ళి అక్కడ పరీక్ష పెట్టింది. ముందు, చీముపుండ్లలో పుట్టే సూక్ష్మజీవుల మీద. నూనెలో ముంచిన కాగితం బిళ్ళ పెడితే, దాని చుట్టూ వలయం గీసినట్టు ఒక్క పురుగూ మిగల్లేదట. తర్వాత కేన్సర్ కణాల మీద. అవి ఒక్కరోజులో ముడుచుకుని రాలిపోయాయట. ఆ ఫోటో పంపి, “నాన్నా, ఇది మన నూనె చేసిన పని,” అంది. ఆ రోజు ఆయన ఫోన్ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మూడు నెలల కిందట స్నానం చేస్తుంటే ఆమె చేతికి రొమ్ములో గడ్డ తగిలింది. రేగిగింజంత. ముక్క తీసి పరీక్షించిన డాక్టరమ్మ మాట దాచలేదు. “కేన్సరేనమ్మా. చిన్నగా ఉండగానే పట్టుకున్నాం. ఆపరేషన్ చేసి తీసేద్దాం, తర్వాత మందులిద్దాం. ఆలస్యం మాత్రం చెయ్యకండి,” అని తేదీ కూడా ఇచ్చింది.

ఇంటికొచ్చాక భర్త ఆ తేదీ రాసిన కాగితాన్ని అలమరలో పెట్టి, ఆ ఫోటోకి పటం కట్టించాడు. ఆయన చిన్నప్పుడు వాళ్ళమ్మని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్ళారు. ఆ తలుపు దగ్గర ఆయన సాయంత్రందాకా కూర్చున్నాడు. ఆమె ఆ తలుపులోంచి మళ్ళీ నడిచి రాలేదు. ఆ సంగతి ఆయన ఎప్పుడూ నోరు విప్పి చెప్పలేదు, కానీ ఆస్పత్రి అనగానే ఆయన మొహం ఎలా పాలిపోతుందో ఆమెకి తెలుసు. “పెరట్లో మందు పెట్టుకుని కత్తి దగ్గరికి ఎందుకే? మన పిల్ల కళ్ళతో చూసి చెప్పింది కదా,” అన్నాడు. కూతురికి చెప్పొద్దన్నాడు. “తగ్గాక చెబుదాం. అమ్మని బతికించింది తన మందేనని తెలిస్తే ఎంత మురిసిపోతుందో!”

ఆమె ఊరుకుంది. కత్తంటే తనకీ భయమే. పైగా పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఇంత నమ్మకంగా, ఇంత ప్రేమగా తన నోటికి ఏదీ అందించలేదు. రోజూ దీపం పెట్టి, “నువ్వు గడ్డికి ఇచ్చిన గుణమే కదా స్వామీ, నా మీద పనిచెయ్యనీ,” అని మొక్కుకునేది. మొక్కుతుండగానే లోపల ఇంకో మాట మెదిలేది. గడ్డికి గుణం ఇచ్చిన వాడే ఆ డాక్టరమ్మ చేతికి నేర్పు ఇచ్చి ఉండడా? ఆ మాటకి జవాబు వెతకడానికి భయపడి దీపం వత్తి సర్దుకునేది.

ఆపరేషన్ తేదీ వెళ్ళిపోయి ఆరు వారాలైంది. గడ్డ ఇప్పుడు రేగిగింజంత లేదు.

గేటు చప్పుడైంది. వీపున సంచీ, చేతిలో థర్మాకోల్ పెట్టెతో కూతురు లోపలికొచ్చింది.

“వస్తున్నానని ఒక్క మాట చెప్పొద్దుటే! ఇంట్లో పాలు కూడా లేవు.”

“చెబితే నాన్న వారం ముందునుంచే గేటు దగ్గర కుర్చీ వేసుకుంటాడు. కొత్త కోత నూనె కావాలమ్మా, పరీక్షకి. రెండు సీసాలు తీసుకుని, నీ చేతి ముద్ద తిని, సాయంత్రానికి పోతా.” తల్లి భుజం మీద గడ్డం ఆనించింది. “ఇలా చిక్కిపోయావేంటి? నాన్న నీ కంచంలోది కూడా తినేస్తున్నాడా?”

“ఎండలు కదా. ఆకలుండట్లేదు.”

కూతురు షెడ్డులోకి వెళ్ళింది. తండ్రి అప్పటికే గడ్డి మోపుల కోసం పొలం వైపు వెళ్ళాడు. పొద్దుటి క్యాను మూత తీసి ఒక్కసారి పీల్చి, మొహం పక్కకి తిప్పుకుంది. మళ్ళీ చూసింది. ఒక చీటీ ముంచుకుని, పద్ధతి ప్రకారం ఉత్తదీ ఒకటి తీసుకుని గబగబా వంటింట్లోకి వచ్చింది.

“అమ్మా, ఈ క్యాను నువ్వు చూశావా?”

“చూశా. బాగుంది.”

“బాగుందా? మాడు వాసన కొడుతోందమ్మా! గడ్డి అడుగంటింది. నాకే తెలుస్తుంటే నీకు తెలియకపోవడమేంటి? పక్కవీధిలో ఎవరింట్లో ఏం పొయ్యి మీద పెట్టారో చెప్పేదానివి. నా జేబులో చాక్లెట్ కాగితం గోడవతలినుంచే పట్టేసేదానివి.” చీటీ తల్లి ముక్కు దగ్గర పెట్టింది. “చూడు.”

ఆమె చూసింది. ఏం చెప్పాలో తెలియక, “కొంచెం... మాడిందేమోలే,” అంది.

కూతురు ఆ చీటీని తీసి బల్ల మీద పెట్టింది. “అమ్మా, అది ఉత్త చీటీ. నూనెది నా ఇంకో చేతిలో ఉంది.”

తల్లి గడ్డం పట్టుకుని మొహాన్ని కిటికీ వెలుతురు వైపు తిప్పింది.

“నోరు తెరువు,” అంది కూతురు మెల్లగా. చిన్నప్పుడు జ్వరం వస్తే తను ఆ పిల్లతో అన్న మాటే, అదే గొంతుతో. ఆమె నోరు తెరిచింది. నాలిక నిండా, బుగ్గల లోపలా తెల్లటి పుండ్లు.

“ఏం మింగుతున్నావమ్మా?”

ఆమె గోడ మీది పటం వైపు చూసింది. కూతురు కూడా చూసింది. ఇంతసేపూ ఆ పిల్ల దాన్ని గమనించలేదు. చూడగానే మొహంలో రంగు పోయింది.

“మీ నాన్న చెప్పొద్దన్నారు,” అని మొదలుపెట్టి ఆమె అన్నీ చెప్పేసింది. గడ్డ, ముక్క పరీక్ష, వెళ్ళిపోయిన తేదీ, రోజుకి మూడు చుక్కలు. చెబుతుంటే తన మాటలు తనకే ఎవరి సంగతో చెబుతున్నట్టు వినిపించాయి. కూతురు అరవలేదు, ఏడవలేదు. లేచి షెడ్డు వైపు నడిచింది. ఆ నడక చూసి ఆమె కూడా వెనకే పరుగులాంటి నడకతో వెళ్ళింది.

పొలంనుంచి వచ్చిన ఆయన షెడ్డులో గొట్టం బిగించుకుంటున్నాడు. కూతుర్ని చూడగానే మొహం విప్పారింది. “ఎప్పుడొచ్చావు తల్లీ!” అని చేతులు చాచాడు. ఆ పిల్ల ఆ చేతుల్లోకి వెళ్ళలేదు.

“అమ్మకి ఏమిస్తున్నావు నాన్నా?”

ఆయన భార్య వైపు చూసి, ఇక దాచి లాభం లేదని తెలుసుకుని, గర్వంగానే చెప్పాడు. “నీ మందే. నువ్వు కనిపెట్టిందే. ఇంకో నెల ఆగితే తగ్గిపోయాక చెబుదామనుకున్నా.”

“అది మందు కాదు నాన్నా. నేను ఎప్పుడూ మందు అనలేదు. పళ్ళెంలో జరిగింది చూపించాను.”

“పళ్ళెంలో చచ్చిందా లేదా?”

“చచ్చింది.”

“అదే పురుగు, అదే నూనె. పళ్ళెంలో చచ్చింది ఒంట్లో చావదా?”

“ఒళ్ళు పళ్ళెం కాదు! నువ్వు మింగించింది గడ్డదాకా వెళ్ళనే వెళ్ళదు. దారిలో నోరు కాల్చింది, నాలిక పోగొట్టింది. ఎల్లుండికి కడుపు కూడా పుండవుతుంది.”

“నాలుగు పుస్తకాలు చదివి మా నూనెకే వంకలు పెడుతున్నావా?” ఆయన గొంతు పెరిగింది. “తాతలనాటి బట్టీ ఇది. దెబ్బ తగిలితే ఇదే రాశాం, పడిశం పడితే ఇదే పీల్చాం. ఊరుకాని ఊళ్ళో ఎవరి చేతిలోనో కత్తి మీద ఉన్న నమ్మకం, నీ ఇంటి గడ్డి మీద లేదా? కత్తి దగ్గరికి పోయినవాళ్ళు ఏమయ్యారో నీకేం తెలుసు!”

“అయ్యా, మెల్లగా...” అన్నాడు పొయ్యితాత, మంటలో కట్టె వేయబోయి చేతిలోనే పట్టుకుని.

“నువ్వాగు తాతా. దానికి చెప్పనీ. నేను నా భార్యకి విషం పోస్తున్నానని చెప్పనీ!”

కూతురు చీటీల పెట్టె దగ్గరికెళ్ళి ఒక్క చీటీ తీసి, సీసాలో ముంచి తండ్రికి అందించింది.

“వాసన చూడు నాన్నా.”

“ఇప్పుడిదేంటి?”

“చూడు. నేను కొనడానికి వచ్చిన మనిషిననుకో. నూనె బాగుందో లేదో నువ్వే చెప్పు.”

ఆయన విసుగ్గా తీసుకున్నాడు. ముక్కుదాకా తెచ్చి, అలవాటు కొద్దీ రెండో చెయ్యి చాచాడు. “ఉత్తది ఏదీ?”

“లేదు.”

“ఉత్తది లేకుండా ఎలా చెబుతానే? నిన్నటి నూనె ముక్కులో ఉండొచ్చు, చేతికున్న వాసన కాగితానికి అంటి ఉండొచ్చు. ఒక్క చీటీ చూపించి నూనె అమ్మేవాడు మోసగాడని నువ్వు పలక పట్టకముందే నేర్పానే!”

“నేర్పావు నాన్నా.” ఆ పిల్ల తండ్రి చేతిలోని చీటీ వైపు వేలు చూపించింది. “నేను నీకు ఒక్క చీటీయే చూపించాను.”

ఆయనకి అర్థం కాలేదు.

“ఆ రోజు రెండు పళ్ళేలు పెట్టాను. ఒకదాంట్లో కేన్సర్ కణాలు. పక్కదాంట్లో ఒంట్లో ఉండే మామూలు మంచి కణాలు. అంతే నూనె, అంతే సేపు. రెండూ చచ్చిపోయాయి నాన్నా. రెండూ ఒకేలా ముడుచుకుపోయాయి. మన నూనెకి చంపడం తెలుసు. ఎవర్ని చంపాలో తెలియదు. అది నేర్పడానికే నేనక్కడ కూర్చున్నాను. నూనెలో ఏ భాగం, ఎంత, ఎలా పంపితే గడ్డనే తాకుతుందో. ఎన్నేళ్ళు పడుతుందో, అసలు అవుతుందో లేదో కూడా తెలియదు.”

“మరి ఆ రెండో ఫోటో...”

“పంపలేదు. ఏడాది నువ్వు నాతో సరిగ్గా మాట్లాడలేదు. మొదటి ఫోటో చూసి ఏడ్చావు. నా తల్లి అన్నావు. ఆ రెండోది కూడా చూపించి ఆ మాట వెనక్కి తీసుకునేలా చెయ్యడం నాకు ఇష్టం లేకపోయింది. తర్వాత చెబుదాంలే అనుకున్నా.” మోచేత్తో మొహం తుడుచుకుంది. “విషం పోసింది నువ్వు కాదు నాన్నా. నేను.”

గొట్టం చివర సీసాలో చుక్కలు పడుతూనే ఉన్నాయి. ఆయన చేతిలో చీటీ అలాగే ఉంది.

అప్పుడు ఇంటావిడ ముందుకొచ్చింది. ఇంతవరకు ఈ షెడ్డులో ఆమె మాట నూనె గురించే నడిచింది.

“మీరిద్దరూ ఒకరి మీద ఒకరు వేసుకోవద్దు,” అంది. “నా ఒంటి సంగతి నన్నెవరూ అడగలేదు. నిజమే. నేనూ చెప్పలేదు. గడ్డ పెరుగుతోందని నా చేతికి తెలుసు. మీ మొహం చూసి చెప్పలేకపోయాను. పదిహేను రోజులుగా నాకు వాసన తెలియట్లేదండీ. మీరు పంపిన చీటీలన్నీ నాకు ఉత్త చీటీలే. బాగుంది, బాగుంది అని పంపేశాను.”

ఆయన తలెత్తాడు. కేన్సర్ అని డాక్టరమ్మ చెప్పినప్పుడు కూడా ఆయన మొహం అలా మారలేదు.

“నీకు... వాసన తెలియట్లేదా?”

“లేదు.”

“మన నూనె కూడానా?”

“ఏదీ తెలియట్లేదు.”

ఆయన రాగి గంగాళానికి చెయ్యి ఆనించబోయి, వేడి తగిలి వెనక్కి తీసుకుని, నేల మీద కూలబడ్డాడు. ముప్పై ఏళ్ళుగా ఆ ముక్కు ఒప్పుకుంటేనే ఆయన చెయ్యి మూత బిగించింది. “నేనే చేశాను,” అన్నాడు. “నా చేత్తో లెక్కపెట్టి పోశాను. ప్లాస్టిక్ మూతల్ని తినేస్తుందని గాజు సీసాల్లో పోస్తాను. బల్ల మీద ఒలికితే రంగు లేచిపోతుందని నాకు తెలుసు. తెలిసీ నీ నోట్లో... మా అమ్మ వెళ్ళిన తలుపు దగ్గర నేను మళ్ళీ కూర్చోలేకే...” మాట పూర్తి కాలేదు. కూతురు వచ్చి పక్కన కూర్చుని ఆయన మోకాలి మీద తల పెట్టింది. ఆయన చెయ్యి కాసేపు గాల్లోనే ఆగి, తర్వాత ఆ తల మీదికి దిగింది.

పొయ్యితాత ఎవరూ చెప్పకుండానే మంట లాగేశాడు.

ఆమె ఇంట్లోకి వెళ్ళి అలమరలోంచి కాగితం తీసింది. తనే ఆస్పత్రికి ఫోన్ చేసింది. డాక్టరమ్మ లైన్లోకి వచ్చాక, “నేనేనమ్మా, రావాల్సిన రోజు రానిదాన్ని,” అంది. అవతల కోప్పడతారనుకుంది. “ఇప్పుడైనా ఫోన్ చేశారు. రేపు పొద్దున్నే రండి. ఏం వాడారో ఏదీ దాచకుండా చెప్పండి,” అంది డాక్టరమ్మ. ఫోన్ పెట్టేశాక దేవుడి గూటి ముందు నిలబడింది. ఏం కోరుకోవాలో తోచలేదు. “నాకు తెలియలేదు స్వామీ,” అని మాత్రం అంది. ఆ ఒక్కమాటకే ఎన్నాళ్ళ బరువో దిగినట్టయింది.

కొత్త పరీక్షల్లో గడ్డ పెరిగిందని తేలింది. చంకలోకి కూడా కొంచెం పాకిందేమోనని అనుమానం. “ఆరు వారాల కిందట వచ్చి ఉంటే తేలికయ్యేది. ఇప్పుడూ చెయ్యగలం, కాకపోతే దారి పొడుగు,” అంది డాక్టరమ్మ. ఆయన తల వంచుకుని విన్నాడు. ఒక్క మాట ఎదురాడలేదు. నోట్లో పుండ్లు కాస్త మానేదాకా ఆగి, పదో రోజున ఆపరేషన్ పెట్టారు. కూతురు సెలవు పొడిగించుకుని ఇంట్లోనే ఉంది. ఈ పది రోజుల్లో దేవుడి గూటి పక్కన పటం మారింది. ఇప్పుడు అందులో పక్కపక్కన రెండు పళ్ళేలున్నాయి. రెండోది అడిగి తెప్పించుకుని అతికించింది ఆయనే.

ఆపరేషన్ పొద్దున ఆమెని చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. ఆయన తలుపుదాకా పక్కనే నడిచాడు. చొక్కా జేబులోంచి ఒక చీటీ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“ఏంటండీ ఇది?”

“వాసన చూడు.”

చూసింది. “నాకేం తెలియట్లేదు. ఇంకా రాలేదు నా ముక్కు.”

“వచ్చినా తెలియదు. అది ఉత్తది. ముందు ఉత్తదే చూడాలి కదా. రెండోది నా దగ్గరుంది. నువ్వు బయటికొచ్చి చూసి చెప్పేదాకా నేను మూత బిగించను. ఈ తలుపు దగ్గరే కూర్చుంటాను.”

ఆమె ఆ చీటీని గుప్పిట్లో పెట్టుకుంది. నర్సు, “లోపలికి ఏవీ తీసుకెళ్ళకూడదమ్మా,” అని మెల్లగా వేళ్ళు విప్పి తీసుకుని, ఏమనుకుందో ఏమో, పారెయ్యకుండా కాగితాల ఫైలులో పెట్టింది.

కళ్ళు తెరిచేసరికి వెలుతురు మసకగా ఉంది. నాలిక పిడచకట్టుకుపోయింది. ఒక పక్కంతా బరువుగా, నొప్పిగా ఉంది. ఎవరో చెయ్యి పట్టుకున్నారు. ఆ వేళ్ళ గరుకు ఆమెకి తెలుసు. కూతురి గొంతు దూరంనుంచి వచ్చినట్టు వినిపించింది. “అయిపోయిందమ్మా. తీసేశారు. ఇంకా మందులు చాలా ఉన్నాయి, కానీ నువ్వు బయటికొచ్చావు.”

ముక్కు దగ్గర ఏదో కదిలింది. చీటీ. ఆమె మెల్లగా ఊపిరి పీల్చింది. మొదట ఆస్పత్రి ఫినాయిలు ఘాటు ముక్కుకి సన్నగా తగిలింది. అది తెలిసినందుకే ఉలిక్కిపడింది. దాని వెనక, ఎక్కడో చాలా వెనక, వాన పడ్డ తర్వాత కోసిన గడ్డిలాంటి చిన్న పులుపు, దాని అంచున సన్నని మాడు.

భర్త ముందుకి వంగాడు. ఈ ప్రశ్న ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ తనే వచ్చి అడగలేదు, పొయ్యితాత చేత అడిగించేవాడు.

“ఎలా ఉంది?”

ఆమె కళ్ళు మూసుకునే పెదవులు కదిపింది. ఇద్దరూ చెవులు దగ్గరికి తెచ్చారు.

“మంట ఎక్కువైంది,” అంది. “ఇంకో పావుగంట ముందే దించాల్సింది.”

ఆయన నవ్వబోయాడు. నవ్వు రాలేదు. చీటీ పట్టుకున్న చేతిమీదే తల వాల్చి, ఆ తలుపు దగ్గర చిన్నప్పుడు ఏడవలేకపోయిన ఏడుపంతా ఏడ్చాడు.